ఎన్‌క్రిప్షన్ కీకి ఏది మేలు: ఫొటోనా, కేయాస్ సమీకరణమా, ఆపరేటింగ్ సిస్టమా?

ఫొటోలోని పిక్సెళ్ల నుంచి ఒక సంఖ్యను తీసి, కేయాస్ సమీకరణంలో వేసి వందలసార్లు తిప్పితే ఎన్‌క్రిప్షన్ కీ, అంటే సమాచారానికి తాళం వేసే రహస్య సంఖ్య, తయారవుతుంది. విద్యార్థుల ప్రాజెక్టులకు నచ్చే దారి ఇది. నచ్చడంలో వింత లేదు, ఆ సమీకరణం అంత ముచ్చటైనది. పేరు లాజిస్టిక్ మ్యాప్. 0, 1 మధ్య ఒక సంఖ్యను తీసుకుని, 1లోంచి దాన్ని తీసేయగా మిగిలినదానితో గుణించి, వచ్చినదాన్ని 4 రెట్లు చేయాలి. 0.3 వేస్తే 0.84 వస్తుంది, 0.84 వేస్తే 0.5376, ఆ తర్వాత 0.9943. మొదటి సంఖ్యలో పదో దశాంశ స్థానంలో తేడా ఉన్నా చాలు, నలభై అడుగులు తిరక్కుండానే రెండు వరుసలకూ పొంతన ఉండదు. కేయాస్ అంటే ఇదే.

కానీ ఈ సమీకరణం కీకి కావాల్సిన యాదృచ్ఛికతను, అంటే ఎవరూ ఊహించలేని గుణాన్ని, పుట్టించదు, ఉన్నదాన్ని సాగదీస్తుంది. అదే ఫొటో, అదే సూత్రం ఎవరికి దొరికినా అదే కీ వస్తుంది. ఫేస్‌బుక్‌లో పెట్టిన పెళ్లి ఫొటోతో కీ చేసుకోవడం తాళంచెవిని గుమ్మానికే వేలాడదీయడం. ఇంకో లోపం పైకి కనిపించదు. కంప్యూటర్ ఆ దశాంశ సంఖ్యను సాధారణంగా 64 బిట్లలో దాస్తుంది. దాని నుంచి 256 బిట్ల కీ లాగినా, దొంగ వెతకాల్సింది 64 బిట్ల మేరకే!

శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంటర్నెట్ భద్రతా సంస్థ క్లౌడ్‌ఫ్లేర్, కీలకు యాదృచ్ఛికత కోసం, తన కార్యాలయంలో రంగు మైనం పైకీ కిందికీ తేలే లావా ల్యాంపులను సుమారు వంద వరుసగా పెట్టి కెమెరాతో చూస్తూ ఉంటుంది. 1990లలోనే సిలికాన్ గ్రాఫిక్స్ అనే కంప్యూటర్ల సంస్థ చేసిన ప్రయోగానికి ఇది కొనసాగింపు. ఇక్కడ కేయాస్ కాగితం మీద లేదు, కరిగి కదిలే మైనంలో ఉంది. ఫొటో ఎప్పటికప్పుడు కొత్తది. అయినా వాళ్లు దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోరు, ఇతర వనరులతో కలుపుతారు.

రోజువారీ పనికి నా ఓటు మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్‌కే. లినక్స్‌లో గెట్‌ర్యాండమ్ అని ఒక్క పిలుపు చాలు. హార్డ్‌వేర్ సంఘటనల సమయాల వంటివాటి నుంచి పోగుచేసిన విత్తనాన్ని, అంటే మొదటి రహస్య సంఖ్యను, చాచా20 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతితో పెంచి ఇస్తుంది. విత్తనం చెడితే ఏమవుతుందో 2008లో లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ చూపించింది. అందులోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక మార్పు వల్ల ఒక్కో రకం కీకి సుమారు 32 వేల అవకాశాలే మిగిలాయి. ఆ కీలు చూడటానికి మాత్రం నిక్షేపంగా ఉండేవి.

ఫొటోనే వాడాలన్న పట్టుదల ఉంటే లెన్సు మూసి, జేపెగ్‌గా కుదించని ముడి ఫ్రేము తీయండి. సెన్సార్ రొదను, అంటే చీకట్లోనూ పిక్సెళ్లలో కనిపించే చిన్న హెచ్చుతగ్గులను, ఏ డేటానైనా 256 బిట్లకు కుదించే షా-256 సూత్రంలో వేసి, వచ్చినదాన్ని గెట్‌ర్యాండమ్ ఇచ్చిన బైట్లతో కలపండి. లాజిస్టిక్ మ్యాప్‌ను గ్రాఫు గీసుకోవడానికి ఉంచుకోండి.