ఫంక్, సోల్ డ్రమ్ నోటేషన్ ప్యాక్‌లు కొనేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి

పాత ఫంక్, సోల్ (అమెరికా నల్లజాతి సంగీత శైలులు) ఆల్బమ్‌ల డ్రమ్ గ్రూవ్‌లన్నీ, అంటే పాటలో మళ్లీ మళ్లీ తిరిగే డ్రమ్ నడకలన్నీ, ఒక్క నోటు కూడా వదలకుండా నోటేషన్‌లో (సంగీత లిపిలో) రాసిచ్చామంటూ ఆన్‌లైన్‌లో పీడీఎఫ్ ప్యాక్‌లు అమ్ముతున్నారు కదా, అందులో ఒకటి రెండు వేలకు పైగా పెట్టి కొన్నాను. దారుణంగా ఉంది. అమ్మినవాళ్ల పేరు రాయను, కానీ అందులో ఏముందో, కొనకముందే ఎలా కనిపెట్టొచ్చో మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇప్పుడిప్పుడే డ్రమ్స్ నేర్చుకుంటున్న పిల్లలు ఇలాంటివే ప్రింట్ తీసి ఎదురుగా పెట్టుకుని గంటలు గంటలు సాధన చేస్తారు. చేతికి ఒకసారి తప్పు అలవాటైతే దాన్ని వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం.

ముందుగా చూపించే శాంపిల్ పేజీ చక్కగా ఉంది. మనిషి విని రాసిన పేజీ అది. లోపల మిగతాదంతా సాఫ్ట్‌వేర్‌కి పాట ఇచ్చి, అది ఏం రాస్తే అది అమ్మేశారు.

అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్' పేజీ తెరవగానే నాకు విషయం అర్థమైంది. 1969 నవంబర్‌లో సిన్సినాటిలో రికార్డు చేసిన పాట, క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించాడు, మిగతా వాయిద్యాలు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే ఆ ఎనిమిది బార్ల (బార్‌కి నాలుగు బీట్లు) బ్రేక్‌ని తర్వాత హిప్‌హాప్ వాళ్లు ఎన్ని పాటల్లో వాడుకున్నారో లెక్కే లేదు. అందులో ప్రాణమంతా ఘోస్ట్ నోట్స్‌లో ఉంటుంది, అంటే రెండో బీట్ మీదా నాలుగో బీట్ మీదా పడే గట్టి స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్) దెబ్బల మధ్య, వినీ వినబడకుండా స్నేర్ మీద పడే మెత్తటి దెబ్బలు. హై-హ్యాట్ (కాలితో తెరిచి మూసే జంట తాళాలు) సిక్స్‌టీన్త్ నోట్స్‌లో, అంటే బీట్‌కి నాలుగు చొప్పున, నడుస్తూ మధ్యలో చటుక్కున తెరుచుకుని మూసుకుంటుంది. నేను కొన్న పేజీలో ఘోస్ట్ నోట్ ఒక్కటి లేదు, హై-హ్యాట్ ఎక్కడ తెరవాలో గుర్తూ లేదు. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), రెండు స్నేర్ దెబ్బలు, పైన తెంపు లేకుండా హై-హ్యాట్, అంతే. దాన్ని అలాగే వాయిస్తే ఏ రాక్ పాటకైనా సరిపోతుంది గానీ ఆ పాట మాత్రం కాదు.

సాఫ్ట్‌వేర్ ఇలా ఎందుకు రాస్తుందంటే, పాటలోంచి డ్రమ్స్ శబ్దాన్ని విడదీసి, ఒక స్థాయి దాటి గట్టిగా వినపడిందాన్నే దెబ్బగా లెక్కేస్తుంది. పాత రికార్డింగుల్లో ఒక మైక్‌లోకి ఇంకో వాయిద్యం శబ్దం కూడా వచ్చేస్తుంది. తెరిచిన హై-హ్యాట్ మోత కింద మెత్తటి స్నేర్ దెబ్బ కలిసిపోతుంది. మనిషైతే వేగం సగానికి తగ్గించి, అదే ముక్క పది సార్లు విని, ఇక్కడ చెయ్యి తగిలిందని పట్టుకుంటాడు. ఆ ఓపికకే మనం డబ్బు కట్టేది!

ఇంకో ఘోరం జేమ్స్ బ్రౌన్ పాటే, 'కోల్డ్ స్వెట్'. 1967 నాటిది, ఇదీ స్టబుల్‌ఫీల్డే. నాలుగో బీట్ మీద పడాల్సిన స్నేర్ అర బీట్ ఆలస్యంగా పడుతుంది, ఆ గ్రూవ్ గొప్పతనమే అది. ప్యాక్‌లో దాన్ని తెచ్చి నాలుగో బీట్ మీద పెట్టేశారు, అంటే తేడాగా ఉందని సరిదిద్దారన్నమాట. నాకు నిజంగా కోపం వచ్చింది ఇక్కడే.

ది మీటర్స్ బ్యాండ్ 'సిసీ స్ట్రట్' సంగతీ అంతే. న్యూ ఆర్లీన్స్ వీధి ఊరేగింపుల వాద్యం నుంచి వచ్చిన నడక అది, వాళ్ల డ్రమ్మర్ జిగబూ మోడలిస్ట్ చేతిలో పూర్తిగా తిన్నగా (నోట్ల మధ్య ఎడం సమానంగా) ఉండదు, పూర్తిగా స్వింగ్ (ఒకటి పొడవుగా, ఒకటి పొట్టిగా) కూడా కాదు, రెంటికీ మధ్యలో ఊగుతూ ఉంటుంది. బాగా రాసేవాళ్లు పైన ఒక మాట రాస్తారు, కొంచెం స్వింగ్‌తో వాయించమనో, రికార్డు వింటూ వాయించమనో. ఇందులో ప్రతి నోటూ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

పేర్లయినా సరిగ్గా రాశారా అంటే అదీ లేదు. 1972లో వచ్చిన 'సూపర్‌స్టిషన్'లో డ్రమ్స్ వాయించింది ఆ పాట పాడిన స్టీవీ వండరే, ఇది డ్రమ్మర్లందరికీ తెలిసిన విషయం. ప్యాక్‌లో ఇంకెవరి పేరో ఉంది. మోటౌన్ కంపెనీ రికార్డుల మీద చాలా కాలం వాయిద్యకారుల పేర్లే వెయ్యలేదు, డ్రమ్మర్ బెన్నీ బెంజమిన్ లాంటివాళ్లు పేరు లేకుండానే ఉండిపోయారు. ఇప్పుడు డబ్బు తీసుకుని మళ్లీ అదే అన్యాయం చేస్తే ఎలా?

రిఫండ్ అడిగితే డిజిటల్ ఫైల్ కాబట్టి ఇవ్వం అన్నారు. తప్పులు ఒక్కొక్కటీ చూపిస్తూ మెయిల్ పెడితే జవాబే లేదు. కార్డుతో కట్టినవాళ్లు బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ చెల్లింపు మీద అభ్యంతరం) వేసి చూడండి, అమ్మినవాళ్లు మన దేశంలో ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. యూపీఐలో పంపాక వెనక్కి రప్పించడం కష్టం, అందుకని తెలియని సైట్‌లో ఇలాంటివి కొంటే కార్డే వాడండి.

కొనే ముందు వాళ్లు చూపించే పేజీతో సరిపెట్టుకోవద్దు, మీరు కోరిన పేజీ అడగండి. 'ఫంకీ డ్రమ్మర్' బ్రేక్ అడగండి. స్నేర్ వరుసలో బ్రాకెట్లలో చిన్న నోట్లు (ఘోస్ట్ నోట్స్), హై-హ్యాట్ మీద చిన్న సున్నాలు (తెరవమనే గుర్తు) కనపడాలి. ఏ రికార్డు నుంచి, ఎన్నో నిమిషం నుంచి రాశారో కూడా ఉండాలి, ఎందుకంటే ఆ పాట 1970లో సింగిల్‌గా రెండు ముక్కలుగా వచ్చింది, పొడవైన వెర్షన్ 1986 సంకలనంలో ఉంది, ఏదో చెప్పకపోతే మనం పోల్చి చూసుకోలేం. డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ పేరుతో ఉన్న షఫుల్ (ఊగుతూ నడిచే లయ) ఉందంటే దాన్నీ అడగండి, ప్రతి ట్రిప్లెట్‌లో (సమానమైన మూడు నోట్ల గుంపులో) మధ్య నోటు స్నేర్ మీద మెత్తగా పడాలి, అది లేకపోతే మామూలు షఫుల్‌కి ఆయన పేరు తగిలించినట్టే. పేజీ పంపడానికి నసిగితే అక్కడితో ఆపేయండి.

ఇదే ప్యాక్ ఇప్పుడు వేరే కవర్‌తో, వేరే పేరుతో, సగం ధరకి మళ్లీ కనపడుతోంది. లోపల పేజీలు మారలేదు, చూశాను. ఇంకెవరైనా కొని ఉంటే ఏ పాటల్లో ఏ తప్పులున్నాయో కింద రాయండి.