పోత ఇనప గిన్నెలో పోర్క్ చాప్స్: నాలుగేళ్లు వాడాక

మాది కోనసీమలో ఒక లంక ఊరు. 2021లో మూడు వేల పైచిలుకు పెట్టి, మూతతో సహా ఐదు లీటర్ల పోత ఇనప గిన్నె కొన్నాను. కొనిపించింది మా తమ్ముడు. వాడు షిప్పులో వంట చేస్తాడు. సెలవుకి వచ్చినప్పుడు ఒక ఆదివారం నేను పంది మాంసం కుక్కర్‌లో పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉడకబెట్టకక్కా, మగ్గనియ్యి. చేపల ఇగురు కుక్కర్‌లో చేస్తావా ఏంటి?" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు విషయం అర్థమైపోయింది. అప్పటినుంచి నెలకి రెండు ఆదివారాలైనా ఈ గిన్నె పొయ్యెక్కుతోంది.

గిన్నె కంటే ముందు ముక్క గురించి చెప్పాలి, ఎందుకంటే నేను మొదట్లో పాడుచేసుకున్నది అక్కడే. నడుము దగ్గరి చాప్స్, అంటే ఎముకతో పలకల్లా కొట్టిన ముక్కలు, చూడ్డానికి బాగుంటాయి. ఒక పక్క ఎముక, అంచున తెల్లటి కొవ్వు. కానీ లోపలంతా వట్టి కండ. గంటన్నర మగ్గితే నోట్లో పీచుపీచుగా తగులుతుంది, ఎంత గ్రేవీ పోసినా దిగదు. ముందు కాలి జబ్బ దగ్గరి ముక్కలైతే కండల మధ్య పొరలు, నరాలు ఉంటాయి. 70 డిగ్రీలు దాటాక అవి నెమ్మదిగా కరిగి జిగురవుతాయి. మాంసం మెత్తబడేది ఆ జిగురు వల్లే. దానికి పెద్ద మంట అక్కర్లేదు, టైమ్ కావాలి. మాంసం కొట్టే ఆయనతో "బాబాయ్ గారూ, కూర ముక్కలొద్దండి, ఎముకతోనే పలకల్లా కొట్టండి, అంగుళం మందం ఉండాలి" అని చెప్తే, "అంతంత పలకలు ఉడకవమ్మా" అనేవారు. ఇప్పుడు నేను అడక్కముందే జబ్బ పక్కన పెడుతున్నారు. ఫారం పంది అయితేనే తీసుకుంటాను. బద్దెపురుగు భయం ఉన్న మాంసం కాబట్టి పూర్తిగా ఉడకాల్సిందే. రెండు గంటల వంటలో ఆ టెన్షన్ ఉండదు.

కిలో ముక్కలకి ముందురోజు రాత్రే ఉప్పు, పసుపు, మిరియాల పొడి పట్టించి ఫ్రిజ్‌లో పెడతాను. పొద్దున్న తీసి పొడిగుడ్డతో బాగా అద్దాలి. తడి ఉంటే ముక్క వేగదు, తన నీళ్లలో తనే ఉడుకుతుంది. గిన్నె బాగా కాగాక ముందు కొవ్వు అంచుని ఆనించి నిలబెట్టాలి. చిటపటమని నెయ్యిలా కరుగుతుంది, వేరే నూనె పెద్దగా అక్కర్లేదు. తర్వాత పలకని పడుకోబెట్టి నాలుగు నిమిషాలు ముట్టుకోకూడదు. గరిటె పెట్టి లాగితే అంటుకుపోతుంది. ఎర్రబడితే తనంతట తనే వదులుతుంది. ఈ గిన్నె గొప్పతనం ఇక్కడే తెలిసింది. పల్చటి గిన్నెలో చల్లటి ముక్క పడగానే వేడి దిగిపోతుంది, ఇది మాత్రం పట్టిన వేడిని వదలదు.

ముక్కలు తీసి, అదే కొవ్వులో ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి వేపి, అడుగున పట్టిన మాడంతా రెండోసారి పిండిన పల్చటి కొబ్బరిపాలు పోసి గీకుతాను. రుచంతా ఆ గోధుమరంగు పొరలోనే ఉంది, అది పారేస్తే కూరే లేదు. ముక్కలు మళ్లీ పేర్చి, సగం వరకే మునిగేలా పాలు ఉంచి, మూత పెట్టి, మంట అడుక్కి తగ్గిస్తాను. లోపల బుడగ అప్పుడొకటి అప్పుడొకటి పైకి రావాలి, అంతే. మూత బరువుకి ఆవిరి బయటికి పెద్దగా పోదు, చుక్కలుగా మళ్లీ ముక్కల మీదే పడుతుంది. గంటా నలభై ఐదు నిమిషాలకి ఎముక పట్టుకుని మెలిపెడితే మాంసంలోంచి జారుతుంది. అప్పుడు పచ్చి మామిడి ముక్కలేసి పది నిమిషాలు ఉంచి, స్టవ్ ఆపేశాక మొదటిసారి పిండిన చిక్కటి పాలు పోస్తాను. మరిగితే విరిగిపోతాయి.

కుక్కర్‌లో అరగంటలో అయిపోతుంది, నిజమే. ఆకలి తీరుతుంది. కానీ ముక్క చెదురుతుంది, నీళ్లు నీళ్లలాగే మిగులుతాయి, ఇగురు చిక్కదనం రాదు. ఇందులో చేసింది మర్నాడు పొద్దున్నకి జున్నులా గడ్డకడుతుంది. దాన్ని వేడిచేసి మినపరొట్టెతో తింటే ఆదివారం కంటే సోమవారమే బాగుంటుంది. ఆ రొట్టె కూడా ఈ గిన్నెలోనే కాలుస్తాను. మా అమ్మ మందపాటి మూకుట్లో పిండి పోసి, మూత మీద నిప్పులు పెట్టి కాల్చేది. అంత కాకపోయినా అడుగు ఎర్రగా, లోపల మెత్తగా వస్తోంది.

ఇక ఇబ్బందులు. మొదటిది తుప్పు. 2022 జూలై వరదకి ఇల్లు వదిలి పాలకొల్లులో మా అక్క దగ్గర పది రోజులు ఉన్నాం. తిరిగొచ్చేసరికి మూత గిన్నెకి అతుక్కుపోయి ఉంది. తీసి చూస్తే లోపలంతా ఎర్రమట్టి పూసినట్టు తుప్పు. ఏడుపొచ్చింది. రాళ్ల ఉప్పుతో, ఇనప పీచుతో రుద్ది, కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి నూనె రాశాను. కొబ్బరినూనె రాయడం నా పొరపాటు. ఇంట్లో ఎప్పుడూ ఉండేది అదే కదా. అది గట్టి పొరగా మారదు, జిడ్డుగానే ఉండిపోతుంది. పొద్దుతిరుగుడు నూనె పల్చగా రాసి, పొగ వచ్చేదాకా కాల్చి, చల్లార్చి, అలా నాలుగుసార్లు చేశాక నల్లటి నునుపు తిరిగొచ్చింది. ఇప్పుడు మూత కింద చిన్న గుడ్డముక్క పెట్టి, గాలి ఆడేలా సర్దుతాను.

రెండోది పులుపు. చింతపండు పులుసు పోసి గంటసేపు ఉంచితే నూనె పొర లేచిపోయి కూర నల్లబడుతుంది, నాలుకకి ఇనుము తగులుతుంది. అందుకే పులుపు చివర్లోనే. మొదటినుంచీ పులుసులోనే మగ్గించాలనుకునేవాళ్లు గాజులాంటి ఎనామిల్ పూత ఉన్నది కొనుక్కోవాలి.

మూడోది బరువు. నిండు గిన్నెని మా అత్తయ్య ఎత్తలేరు, నేనూ రెండు చేతులతోనే దించుతాను. మూత పిడి కూడా ఇనుమే, స్టవ్ ఆపిన అరగంటకి కూడా కాలుతుంది, దళసరి గుడ్డ దగ్గర పెట్టుకోండి. వేడి మీద చన్నీళ్లు పోస్తే పగిలిపోవచ్చు, చల్లారాకే కడగాలి.