రాయి వయసు: జిర్కానా, బయోటైటా?

విశాఖ చుట్టుపక్కల క్వారీల్లో దొరికే చార్నోకైట్ అనే గట్టి రాయి వయసు కట్టాలంటే నేను జిర్కాన్ అనే ఖనిజం వైపే మొగ్గుతాను. ఇసుక రేణువంత గింజ. గట్టిపడేటప్పుడు యురేనియంను లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. అందుకే ఇప్పుడు అందులో దొరికే సీసం దాదాపు అంతా యురేనియం క్షీణించి పుట్టిందే. యురేనియం-238 సగం కావడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. 900 డిగ్రీల వేడికి కూడా ఆ లెక్క అంత తేలిగ్గా చెదరదు. గింజను సగానికి అరగదీసి చూస్తే ఉల్లిపాయలా పొరలు: నడిమి పొరది ఒక వయసు, అంచుది ఇంకొకటి కావచ్చు. ఎంత ముచ్చటేస్తుందో!

బయోటైట్ అనే నల్ల అభ్రకంతో చేసే పొటాషియం-ఆర్గాన్ పద్ధతి (పొటాషియం క్షీణించి పుట్టే ఆర్గాన్ వాయువును కొలవడం) సులువే. కానీ సుమారు 300 డిగ్రీలు దాటితే ఆర్గాన్ జారిపోతుంది. అది చెప్పేది రాయి చల్లారిన కాలం. పైగా మన తేమకు బయోటైట్ త్వరగా పాడవుతుంది. నలుపు పోయి బంగారు రంగు తిరిగిన ముక్కను తీసుకోకండి.