స్టుట్‌గార్ట్ మెరకల మీద ఎలక్ట్రిక్ సైకిల్: లీజు ముగిశాక నా సమీక్ష

ఎలక్ట్రిక్ సైకిల్ కొనమంటారా అని ఇక్కడ జర్మనీలో మన తెలుగువాళ్లు ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. కొనండి. కాకపోతే ఏ మోడల్ అని వెతికే ముందు దాన్ని ఎక్కడ పెట్టుకుంటారో చూసుకోండి. మూడేళ్ల లీజు అయిపోయి బండి నా సొంతమైంది, ఇప్పటికీ ఆఫీసుకు దాని మీదే వెళ్తున్నాను.

స్టుట్‌గార్ట్ గిన్నె లాంటి ఊరు. నడిబొడ్డు అడుగున, చుట్టూ కొండలు, వాటి మీద ద్రాక్షతోటలు. నేనుండేది కింద హెస్‌లాఖ్‌లో, ఆఫీసు పైన ఫైహింగెన్‌లో. కాల్టెంటాల్ మీదుగా 150 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కాలి. మామూలు సైకిల్ మీద వెళ్తే ఆఫీసుకు చేరేసరికి బట్టలు మార్చుకోవాల్సినంత చెమట పట్టేది. అందుకే దాన్ని సెలవు రోజులకే తీసేదాన్ని.

నా బండికి బాష్ యాక్టివ్ లైన్ ప్లస్ మోటార్, 500 వాట్-అవర్ బ్యాటరీ, డిస్క్ బ్రేకులు ఉన్నాయి. వెనక పాప సీటు. మోటార్ పెడల్స్ దగ్గరే ఉంటుంది. కాలితో ఎంత గట్టిగా తొక్కుతున్నామో సెన్సర్ కనిపెట్టి, దానికి తగ్గట్టు సాయం కలుపుతుంది. ఎకో, టూర్, స్పోర్ట్, టర్బో అని నాలుగు మోడ్‌లు. కాల్టెంటాల్ మెరక మొదలయ్యే చోట గేరు రెండు మెట్లు తగ్గించి టూర్‌లో పెడితే చాలు, పాప వెనక కూర్చుని కబుర్లు చెబుతూ ఉన్నా ఆయాసం లేకుండా జవాబు చెప్పగలను. మెరక మధ్యలో సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ బయల్దేరాలంటే పాత సైకిల్‌తో నాకు టెన్షన్‌గా ఉండేది. ఇప్పుడు పెడల్ మీద కాలు వేయగానే బండి కదులుతుంది. పిల్లలున్న ఆడవాళ్లకు ఈ ఒక్క తేడా చాలనిపిస్తుంది.

వేగం 25 కిలోమీటర్లు దాటితే మోటార్ సాయం ఆగిపోతుంది. యూరోపియన్ యూనియన్ నిబంధన అది: మోటార్ 250 వాట్లకు మించకూడదు, తొక్కితేనే పనిచేయాలి, 25 దగ్గర ఆగాలి. ఈ హద్దుల్లో ఉంటే చట్టం దీన్ని సైకిల్‌గానే చూస్తుంది. లైసెన్స్ అక్కర్లేదు, నంబర్ ప్లేటు అక్కర్లేదు, సైకిల్ దారుల్లో వెళ్లొచ్చు. 45 దాకా వెళ్లే రకానికి జర్మనీలో ఇన్సూరెన్స్ ప్లేటు, లైసెన్స్, హెల్మెట్ అన్నీ కావాలి, సైకిల్ దారుల్లోకి రానివ్వరు. వేగం చాలడం లేదని 25 హద్దును దొంగతనంగా తీయించుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అది నేరం. పైగా అమ్మమ్మల నుంచి స్కూలు పిల్లల తల్లుల దాకా అందరూ ధైర్యంగా ఎక్కుతున్నారంటే ఆ హద్దు ఉండబట్టే. మా కింద అంతస్తులో డెబ్బై దాటిన ఆవిడ మోకాళ్ల నొప్పులున్నా సరుకులకు దీని మీదే వెళ్తుంది.

ఇక డబ్బు. "అక్కా, ఇంకొంచెం వేస్తే సెకండ్ హ్యాండ్ కారే వస్తుంది కదా" అన్నాడు మా ఆఫీసులో ఒక గుంటూరు తమ్ముడు. నిజమే, మంచి బండి 3 వేల యూరోల దాకా ఉంటుంది. కానీ ఇక్కడ చాలామంది కొనేది కంపెనీ లీజు మీద. కంపెనీ బండిని లీజుకు తీసుకుని మనకిస్తుంది, నెల వాయిదాను గ్రాస్ జీతంలోంచి, అంటే పన్ను పట్టకముందే, పట్టుకుంటారు. బండిని సొంతానికి వాడుకుంటున్నందుకు 2020 నుంచి దాని ధరలో నెలకు పావు శాతం మాత్రమే మన ఆదాయంగా లెక్కేస్తారు, అంటే 3 వేల బండికి దాదాపు 7 యూరోల మీదే పన్ను. "ముందు నా బండి తీసుకుని కాల్టెంటాల్ ఎక్కి రా" అన్నాను. వచ్చాక లీజు ఫారాలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. ఎన్ని ప్రకటనలు చూసినా ఒక్కసారి మెరక ఎక్కి చూసినంత నమ్మకం కలగదు.

2023లో జర్మనీలో మామూలు సైకిళ్ల కంటే ఎలక్ట్రిక్‌వే ఎక్కువ అమ్ముడయ్యాయి. నెదర్లాండ్స్‌లో అంతకు ముందే ఆ మార్పు వచ్చింది. సంతోషమే, కానీ లీజు ఉద్యోగం చేసేవాళ్లకే అందుతుంది. విద్యార్థికి, చిన్న కొట్టు నడుపుకునేవాడికి దారేది? ఫ్రాన్స్‌లో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం నేరుగా ఇచ్చిన సాయం 2025 ఫిబ్రవరిలో ఆగిపోయింది. నాకది పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

ఇబ్బందుల్లో మొదటిది బరువు. పాతిక కిలోల పైమాటే. మా బిల్డింగ్‌లో సైకిళ్లు పెట్టేది సెల్లార్‌లో, దానికి మెట్లు. మెట్ల పక్కన సన్నటి ర్యాంప్ ఉంది కాబట్టి బతికిపోయాను. వాక్ బటన్ నొక్కి పట్టుకుంటే బండి నడక వేగంతో తనే పైకి వస్తుంది. ర్యాంప్ లేని పాత బిల్డింగుల్లో ఉండేవాళ్లు దీన్ని రోజూ మోయలేరు, వీధిలో వదిలితే దొంగల భయం. స్టుట్‌గార్ట్ నగరపాలక సంస్థ పిల్లలున్న కుటుంబాలకు కార్గో ఈ-బైక్‌ల (పిల్లల్ని, సామాన్లను మోసే పెద్ద ఎలక్ట్రిక్ సైకిళ్ల) మీద సబ్సిడీ ఇచ్చింది. వీధి వీధికీ తాళం వేసుకునే షెడ్లు కూడా కడితే ఇంకా ఎంతమంది కొంటారో!

చలికాలంలో బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. రాత్రి ఊడదీసి ఇంట్లో పెట్టుకోవాలి, చల్లగా ఉండగానే ఛార్జింగ్ పెట్టకూడదు. మోటార్ బలానికి చైన్ తొందరగా అరుగుతుంది. సాయంత్రం దిగుడంతా బ్రేకుల మీదే కాబట్టి బ్రేక్ ప్యాడ్లు కూడా అంతే. మా ఇంటి దగ్గరి ఒక షాపువాళ్లు, తమ దగ్గర కొనని బండికి సర్వీసు చేసేది లేదన్నారు. అందుకే కొనేటప్పుడే సర్వీసు సంగతి అడగండి.

లీజు అయ్యాక సొంతం చేసుకునే ముందు బ్యాటరీ సామర్థ్యం పరీక్ష చేయించాను. కొత్తది వేయాలంటే వందల యూరోలు. తగ్గింది కొంచెమే కాబట్టి ధైర్యంగా తీసుకున్నాను. మళ్లీ కొనాల్సి వస్తే మాత్రం చైన్ బదులు బెల్ట్, హబ్ గేర్లు (వెనక చక్రం మధ్యలోనే దాగి ఉండే గేర్లు) ఉన్నదే తీసుకుంటాను, పాప సీటు అలాగే ఉంచి.