మ్యాగ్నమ్ రివాల్వరా, సెమీ ఆటోమేటిక్ పిస్టలా: ఏది మేలు?

ఈ వాదనలో అందరూ ముందు తూటా బలమే చూస్తారు. అక్కడ మందు ఎక్కువ దట్టించిన తూటాలు కాల్చే మ్యాగ్నమ్‌దే పైచేయి. మామూలు 9 ఎంఎం తూటా సుమారు 500 జౌళ్ల శక్తితో బారెల్ దాటుతుంది. 1935లో వచ్చిన .357 మ్యాగ్నమ్‌కి అది 700 పైమాటే. 1950ల మధ్యలో వచ్చిన .44 మ్యాగ్నమ్‌కి వెయ్యి దాటుతుంది.

ఇంత తేడా ఎందుకంటే, పిస్టల్‌లో మ్యాగజైన్, అంటే తూటాలు పేర్చిన డబ్బా, పిడిలోనే ఉంటుంది. తూటా పొడవు పెరిగితే పిడి లావెక్కి చేతికి పట్టు దొరకదు. రివాల్వర్ సిలిండర్‌కి ఆ ఇబ్బంది లేదు, తూటా ఎంత పొడవుంటే అంత పొడవున చేసుకోవచ్చు. మ్యాగ్నమ్ తూటాలు పేల్చే డెజర్ట్ ఈగిల్ పిస్టల్ ఉంది గానీ, దానికి రైఫిల్ తరహా గ్యాస్ యంత్రాంగం పెట్టాల్సొచ్చింది. బరువు రెండు కిలోల దాకా ఉంటుంది. రోజంతా నడుముకు కట్టుకుని తిరిగే ఆయుధం కాదది.

అయినా మనిషి నుంచి ప్రాణం కాపాడుకోవాల్సిన చోట నా ఓటు పిస్టల్‌కే. గ్లాక్ 17 మ్యాగజైన్‌లో 17 తూటాలు పడతాయి, రివాల్వర్‌లో ఐదో ఆరో. వెనక్కి తన్నడం తక్కువ కాబట్టి రెండో గుండు కూడా గురి తప్పకుండా వెళ్తుంది. అసలు తేడా మళ్లీ నింపుకోవడంలో తెలుస్తుంది. 1986 ఏప్రిల్‌లో మయామీ కాల్పుల్లో చేతికి గాయమైన ఎఫ్‌బీఐ ఏజెంటు ఒకరు తన రివాల్వర్‌ని తిరిగి నింపుకోలేకపోయాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయిన ఆ ఘటన తర్వాతే ఆ సంస్థ పిస్టళ్ల వైపు గట్టిగా మళ్లింది. ఆ రోజు పోరు ముగించింది మాత్రం మరో ఏజెంటు చేతిలోని .357 రివాల్వరే. అందులో ఉన్నవి కూడా మ్యాగ్నమ్ తూటాలు కావు, అదే రివాల్వర్‌లో పట్టే, బలం తక్కువైన .38 స్పెషల్! తగలాల్సిన చోట తగలడమే ముఖ్యమని నేను పట్టుబట్టేది ఇందుకే.

తూటా పేలకపోతే రివాల్వర్‌లో ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, తర్వాతి తూటా ముందుకొస్తుంది. పిస్టల్‌లో స్లైడ్, అంటే పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం, లాగి పాడైనదాన్ని బయటకి నెట్టాలి. మీదపడినదాని ఒంటికి ఆనించి కాల్చాల్సొస్తే పిస్టల్ స్లైడ్ వెనక్కి జరిగి పేలకపోవచ్చు. రివాల్వర్‌కి ఆ భయం లేదు. ఎలుగుబంటి మీదపడే అడవుల్లో .44 మ్యాగ్నమ్‌ని నమ్ముకోవడానికి కారణం ఇదే, నేనూ అక్కడ దాన్నే ఎంచుతాను. అయితే ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో కుక్కబండ్లపై గస్తీ తిరిగే డెన్మార్క్ సిరియస్ దళం ధ్రువపు ఎలుగుల కోసం 10 ఎంఎం గ్లాక్ 20 పిస్టల్ వాడుతుంది. కాబట్టి అక్కడ కూడా పోటీ ఏకపక్షం కాదు.

.357 రివాల్వర్‌లో చవకైన, మెత్తని .38 స్పెషల్‌తో సాధన చేయొచ్చు, అది పెద్ద సౌకర్యం. కానీ పొట్టి బారెల్‌తో అరకిలో కూడా లేని .357 రివాల్వర్‌ని మాత్రం కొత్తవాళ్లకి ఇవ్వకండి. ఆ మోతకీ తన్నుకీ నాలుగు గుండ్లు కాల్చేసరికే ట్రిగ్గర్ నొక్కేముందు కళ్లు మూసుకోవడం అలవాటైపోతుంది.