వాచీలో యంత్రమా, వెండి తీగ పనా?

ఖరీదైన నగల సంస్థ వాచీల శ్రేణిని పెంచాలంటే ఒకటి యంత్రం దారి: ఇటలీ నగల సంస్థ బుల్గారీ 2000లో డేనియల్ రోత్, జెరాల్డ్ జెంటా వాచీ సంస్థలను కొన్నది, ఆక్టో ఫినిసీమో అనే పలుచని మెకానికల్ (బ్యాటరీ లేకుండా స్ప్రింగుతో నడిచే) వాచీని 2014లో తెచ్చింది. అంత ఓపిక, అంత పెట్టుబడి అందరికీ ఉండవు.

రెండోది నగపని దారి. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ యంత్రాన్ని బయట కొని, డయల్‌ను కరీంనగర్ ఫిలిగ్రీ కళాకారులతో చేయించవచ్చు. సన్నని వెండి తీగను మెలితిప్పి, పూలుగా, లతలుగా వంచి, మంటపై అతికించే ఈ పనిని మనం అత్తరుదానుల్లో చూసిందే. అయితే ఇక్కడ అది ముళ్లకు అడ్డురాకుండా అద్దం కింద ఇమడాలి, అసలు పరీక్ష అదే. వెండి నల్లబడుతుంది కాబట్టి వాచీ కేసు (బయటి డబ్బా) బిగువుగా ఉండాలి. హన్మకొండలో పెళ్లికి కొనేవారు యంత్రం కన్నా ముంజేతిపై మెరిసే పనితనాన్నే చూస్తారు గనుక, నా ఓటు రెండోదానికే. పైగా మెకానికల్ వాచీని కొన్నేళ్లకోసారి విప్పి శుభ్రం చేయగల మనిషి దగ్గర్లో దొరకాలి.