పన్నెండేళ్లుగా పాత గాలి తుపాకులు, మిలిటరీ కోట్లు: వాడిచూసిన మాట

చిన్నప్పుడు మాకు బీఎస్ఏ అంటే సైకిలే. ఏడో తరగతిలో ఎస్సెల్లార్ కావాలని రెండు పూటలు అన్నం మానేసి, చివరికి ఎవరో తొక్కి వదిలేసిన హెర్క్యులెస్‌తో సరిపెట్టుకున్నవాణ్ని. ఆ మూడక్షరాలు ‘బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్’ అనే తుపాకుల కంపెనీ పేరని, 1861లో పెట్టిన ఆ కంపెనీ తర్వాతెప్పుడో సైకిళ్లలోకి దిగిందని ఉద్యోగానికి బర్మింగ్‌హామ్ వచ్చాకే తెలిసింది. వాళ్ల ఫ్యాక్టరీ నడిచిన స్మాల్ హీత్, మేం మొదట అద్దెకున్న ఇంటికి బస్సులో ఇరవై నిమిషాలు. అలిగినా దొరకని బీఎస్ఏ మీద ముచ్చట ముప్పై నాలుగేళ్ల వయసులో ఇలా తీర్చుకోవడం మొదలెట్టాను.

ఈ పన్నెండేళ్లలో ఇరవైకి పైగా గాలి తుపాకులు, ఓ పెట్టెడు పాత మిలిటరీ బట్టలు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఇప్పుడు మిగిలినవి మూడు తుపాకులు, నాలుగు బట్టలు. గోడకు తగిలించి చూసుకునే అలవాటు నాకు లేదు. తుపాకుల్ని వారం వారం కాలుస్తాను, చలికాలమంతా కోట్లు తొడుగుతాను. అందుకే ఇది వాడినవాడి సమీక్ష. ధర పెరుగుతుందని కొని బీరువాలో దాచేవాళ్లకు ఇందులో పెద్దగా పనికొచ్చేదేమీ ఉండదు.

ముందు ఇంట్లో పెద్దకొడుకు సంగతి. 1920ల నాటి బీఎస్ఏ స్టాండర్డ్. లింకన్ జెఫ్రీస్ అనే బర్మింగ్‌హామ్ తుపాకుల పనివాడు 1904లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. మరుసటేడు నుంచి బీఎస్ఏ వాళ్లు తయారీ మొదలుపెట్టారు. గొట్టం కింద ఓ మీట ఉంటుంది. దాన్ని కిందికి లాగితే లోపల స్ప్రింగు నొక్కుకుని పిస్టన్ కొక్కేనికి పడుతుంది. పెల్లెట్ (కాల్చే చిన్న సీసపు గుండు) పెట్టడానికి గొట్టాన్ని మధ్యలో వంచనక్కర్లేదు. పైన చిన్న ఉక్కు కుళాయి ఉంటుంది. నిజంగా మన పెరట్లో కుళాయిలాంటిదే. పిడి తిప్పితే కన్నం పైకొస్తుంది, పెల్లెట్ జారవిడిచి మళ్లీ తిప్పేస్తే మూసుకుంటుంది. వందేళ్ల నాటి ఆ కుళాయి ఇవాళ్టికీ వేలితో తిప్పితే నూనె రాసిన గడియలా తిరుగుతుంది. పట్టు దగ్గర వాల్‌నట్ కర్ర మీద మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన ముద్ర. కంపెనీ గుర్తు అది. ఎవరెవరి అరచేతులో రుద్ది రుద్ది, మధ్య తుపాకీ సగం అరిగిపోయింది. లోహం మీద ‘2’ అని ఓ అంకె. నా దగ్గరకొచ్చిన మొదట్లో అది రెండో రకమేమోనని దిగులుపడ్డాను. నిజానికి అది బోరు, అంటే గొట్టం లోపలి కన్నం వెడల్పు, నంబరు. 1 అంటే .177 అంగుళం, 2 అంటే .22.

ఆ ఫ్యాక్టరీ మీద 1940 నవంబరు 19 రాత్రి జర్మన్ బాంబులు పడి 53 మంది కార్మికులు చనిపోయారు. నా తుపాకీ అప్పటికే ఏ ఇంటి అటక మీదో ఉండి ఉంటుంది. దాన్ని బిగించిన చేతుల్లో ఆ రాత్రి ఎవరైనా అక్కడున్నారా అని శుభ్రం చేస్తున్నప్పుడు అనిపిస్తూ ఉంటుంది.

కొన్న కొత్తలో అది పెల్లెట్‌ని ఉమ్మినట్టు కాల్చేది, పది గజాల్లో అట్టముక్క కూడా చిరిగేది కాదు. పిస్టన్ మూతికుండే తోలు వాషర్ ఎండిపోయిందన్నమాట. సైకిల్ పంపు విప్పిన ప్రతి తెలుగువాడికీ ఈ జబ్బు తెలుసు. గాలి పట్టకపోతే తోలు వాషర్ తీసి, కొబ్బరినూనె రాసి, అంచులు వేళ్లతో పువ్వులా విప్పి మళ్లీ పెట్టేవాళ్లం. పంపు స్టవ్వుకీ అదే వైద్యం. ఆ తెలివితేటలతో, ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు లోపల వేసి కాల్చాను. ఢామ్మని చప్పుడు, గొట్టం నిండా పొగ, మాడిన వాసన. పక్కింటి ముసలాయన కంచె మీదుగా తల పెట్టి, ‘డీజిల్ చేశావా?’ అని నవ్వాడు. పిస్టన్ ఒక్కసారిగా గాలిని నొక్కితే పుట్టే వేడికి నూనె ఆవిరి అంటుకుంటుంది, డీజిల్ ఇంజిన్‌లో జరిగేదే. అలా నాలుగైదుసార్లు జరిగితే తోలు మాడుతుంది, స్ప్రింగు విరుగుతుంది. తోలుకి ఇక్కడివాళ్లు వాడేది పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసిన నూనె. వాషర్‌ని అందులో ఓ రోజంతా నానబెట్టి, కారేదంతా తుడిచి బిగించాలి. అలా చేశాక అది 7 అడుగు-పౌండ్ల (పెల్లెట్ దెబ్బ బలాన్ని కొలిచే లెక్క) బలంతో కొట్టింది. పాతిక గజాల్లో అగ్గిపెట్టె తప్పించుకోలేదు.

అయితే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు స్టాండర్డ్ వద్దంటాను. బరువు, ధర, రెండూ ఎక్కువే. ఒక్కటే కొనుక్కోవాలంటే జర్మనీవాళ్ల డయానా 27. ఇది మడత తుపాకీ, గొట్టాన్ని మధ్యలో కిందికి వంచి నింపాలి. చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. కానీ ట్రిగ్గర్ నొక్కి చూస్తే, గాజుపుల్ల విరిగినంత శుభ్రంగా వదులుతుంది. ఆ రహస్యం లోపలున్న మూడు ఉక్కు గోళీలది. పిస్టన్ కాడని చుట్టూ పట్టుకునేవి అవే. ఆ మూడు గోళీలతోనే నాకు ఓ రాత్రి శివరాత్రి అయింది. విప్పేటప్పుడు లోపలేముందో చదువుకోకుండా బోర్లించాను. టకటకమని ఒకటి కాళ్ల కింద, ఒకటి ఫ్రిజ్ వెనక. మూడోది తెల్లారాక మా అమ్మాయి బూట్లో దొరికింది. మళ్లీ బిగించేటప్పుడు గోళీలు నిలబడటానికి చిక్కటి గ్రీజులో అద్ది, సున్నుండలో జీడిపప్పు గుచ్చినట్టు ఒక్కోటీ గుచ్చుకోవాలి. మూడోసారికి చెయ్యి తిరిగింది.

దీని మీద ‘డయానా’ అని కాకుండా ‘ఒరిజినల్’ అని ఉంటే నకిలీ అనుకోకండి. రాష్టాట్‌లో 1890లో మొదలైన డయానా ఫ్యాక్టరీ యంత్రాలు, ఆ పేరు మీద హక్కు రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్‌కి వచ్చాయి. స్కాట్లాండ్‌లోని మదర్‌వెల్‌లో మిల్‌బ్రో అనే కంపెనీ వాటితో డయానాలు చేసింది. జర్మన్లు మళ్లీ తయారీ మొదలుపెట్టాక సొంత పేరుతో ఇక్కడ అమ్ముకోలేక ‘ఒరిజినల్’ అని కొట్టుకున్నారు. రెండూ వాడాను. పనితనంలో జర్మన్‌దే పైచెయ్యి.

మూడోది 1959లో వచ్చిన బీఎస్ఏ మీటియర్ తొలి రకం. చవక, తేలిక, పిల్లలకు నేర్పడానికి చాలు. అంతకుమించి చెప్పడానికేం లేదు.

జాగ్రత్తలు రెండు. గొట్టం వంచి ఉండగా ట్రిగ్గర్ తగిలితే అది పైకి లేచి కొట్టే దెబ్బకు వేలు నలుగుతుంది. నా ఎడమ బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరే. పెల్లెట్ లేకుండా ఉత్తినే కాల్చకండి, పిస్టన్ నేరుగా తుపాకీ లోపలి గోడకు గుద్దుకుంటుంది.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. ఇంగ్లండ్‌లో 12 అడుగు-పౌండ్ల లోపు గాలి రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. పద్దెనిమిది నిండాలి, వీధిలోకి తీసుకెళ్లాలంటే సరైన కారణముండాలి, పెల్లెట్ మీ పెరటి హద్దు దాటకూడదు. స్కాట్లాండ్‌లో 2016 చివరి రోజు నుంచి సర్టిఫికెట్ తప్పనిసరి. మన దేశంలో 4.5 మిల్లీమీటర్ల (అంటే .177) లోపు బోరు, 20 జౌళ్ల లోపు బలం ఉంటేనే లైసెన్సు లేకుండా కొనుక్కోవచ్చు. కాబట్టి నా .22 స్టాండర్డ్ పండక్కి నాతో ఊరు రాదు. ఇంకోమాట. పిట్టల్ని కొట్టడానికే గాలి తుపాకీ అనుకునేవాళ్లు నాకు ఉత్తరం ముక్క కూడా రాయనక్కర్లేదు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 నుంచి జనం తమంతట తామే ఎయిర్‌గన్‌లు తెచ్చి ప్రభుత్వానికి అప్పగిస్తున్నారు, అడవిలో పిట్టలు మిగలాలని. నాది అట్టముక్కలు, చిన్నప్పటి బుడగల లెక్క. మా ఊరి తీర్థంలో బుడగలు కొట్టే కొట్లో నేనెప్పుడు గురిచూసినా ఎడమ పక్కదే పగిలేది. ఆ తుపాకీకి గురిచూసే కన్నే వంకరగా పెట్టారని ఇరవయ్యేళ్ల తర్వాత గానీ బుర్రకెక్కలేదు.

ఇక బట్టలు. మా అమ్మమ్మ వాళ్లది తాడేపల్లిగూడెం పక్క. దగ్గర్లోనే పట్టాళానికి వెళ్లేవాళ్లకు పేరుపడ్డ ఊరు మిలిటరీ మాధవరం. తాతయ్య కూడా రెండో యుద్ధంలో పట్టాళానికి వెళ్లొచ్చినవాడే. ఆయన తెచ్చుకున్న ఉన్ని ఓవర్‌కోటు సంక్రాంతి చలికి మా పిల్లలందరికీ ఒకే దుప్పటి. గుచ్చుకునేది, చుట్టకంపు కొట్టేది, దాని కోసమే కొట్టుకునేవాళ్లం. ఇక్కడ ఓ ఆదివారం సంతలో 1940 నమూనా బ్రిటిష్ మిలిటరీ గ్రేట్‌కోటు (పొడుగు ఉన్ని ఓవర్‌కోటు) ముట్టుకోగానే చేతికి ఆ గరుకే తగిలింది. బేరం కూడా ఆడకుండా కొన్నాను.

అదే నేను మోసపోయిన కోటు. లోపల లేబుల్ మీద బాణం గుర్తు (బ్రిటిష్ సర్కారు సొత్తుకు వేసే ముద్ర), 1942 అని అచ్చు, అన్నీ ఉన్నాయి. ఇంటికొచ్చాక లేబుల్ కుట్టిన దారం మరీ మెరుస్తోందని అనుమానమొచ్చి, ఓ కొస తెంపి అగ్గిపుల్ల పెట్టాను. నూలు అయితే కాలి బూడిదవుతుంది. ఇది కరిగి నల్లటి పూస కట్టింది. పాలియెస్టర్. ఎక్కడిదో పాత లేబుల్ తెచ్చి దీనికి అంటించారు. కోటు పాతదే, చెప్పిన వయసు మాత్రం అబద్ధం. అమ్మినాయన మళ్లీ ఆ సంతలో కనపడలేదు. కోటు మాత్రం ఉంచుకున్నాను. వెచ్చదనానికి వంక లేదు, కానీ వాన తడిస్తే దూడను భుజాన మోస్తున్నట్టుంటుంది.

బ్యాటిల్‌డ్రెస్ అనే పొట్టి ఉన్ని చొక్కా ఫొటోల్లో భలే ఉంటుంది. నాది 1949 నమూనా. వంగితే నడుం దగ్గర చొక్కాకీ ప్యాంటుకీ మధ్య చల్లటి గాలి సరాసరి వీపు తాకుతుంది. అది తొడుక్కుని యుద్ధాలెలా చేశారో అనుకుంటాను. ఏడాదికి రెండుసార్లు తీస్తానేమో.

నిజంగా వాడుకకొచ్చేది 1968 నమూనా బ్రిటిష్ స్మాక్ (వదులుగా ఉండే పైకోటు), ఆకులూ కొమ్మలూ కలిపి గీసినట్టుండే మచ్చలది. దళసరి నూలు గుడ్డ, ఛాతీ మీదా కిందా నాలుగు జేబులు, ఎడమ చేతికి పెన్నుల జేబు. 45 పౌండ్లకు కొన్నాను. ఎనిమిదేళ్లుగా తోటపనికీ, నడకకీ అదే. మోచెయ్యి చిరిగితే మా ఆవిడ పాత జీన్స్ ముక్క వేసి కుట్టింది. సేకరించేవాళ్లు చూస్తే గుండె పట్టుకుంటారు, నాకేం దిగుల్లేదు. జాకెట్లలో అమెరికన్ ఎం-65 కూడా మంచిదే. దాని లేబుల్ మీద డీఎస్ఏ 100 అని ఉండి, తర్వాత వచ్చే రెండంకెలు కాంట్రాక్టు ఏడాది. 68 అంటే 1968. కొనేముందు అది చూడండి, అమ్మేవాడి మాట తర్వాత.

నాలుగోది నేను తొడగను, తొడగలేను. ఖాకీ డ్రిల్ నిక్కరు, నడుం ఇరవై ఎనిమిది. లోపల బాణం ముద్ర, దాని కింద ‘ఐ’ అక్షరం, 1943. ఆ ‘ఐ’ అంటే ఇండియాలో తయారైందని. ఎక్కడ కుట్టారో, ఎవరు తొడిగారో రాసిలేదు. ఖాకీ అన్న మాటే మనవైపుది కదా, ఖాక్ అంటే దుమ్ము. 1840లలో పెషావర్‌లో గైడ్స్ అనే సైనిక దళానికి లమ్స్‌డెన్ అనే బ్రిటిష్ అధికారి ఆ దుమ్ము రంగు బట్టలు వేయించాక అది ప్రపంచమంతా పాకింది. మూడు పౌండ్లకు దొరికిన ఆ నిక్కరుని నేను అమ్మను.

ఉన్ని బట్టలకు శత్రువు చిమ్మట. కలరా ఉండలు వేస్తే నెల్లాళ్లు ఆఫీసులో పక్క సీటు ఖాళీగా ఉంటుంది. అందుకని కొత్తగా తెచ్చిన ఏ ఉన్నినైనా ప్లాస్టిక్ సంచిలో గట్టిగా చుట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెడతాను, గుడ్లూ పురుగులూ చస్తాయి. ఊరినుంచి తెచ్చుకున్న గోంగూర పక్కన ఎవరి కోటో పెట్టారేంటని మా అత్తయ్యగారు అడిగిన రోజు కొంచెం కష్టమైంది.

బ్యాడ్జీలూ భుజం పట్టీలూ మాత్రం తీసేసి తొడగండి. ఇక్కడ 1894 నాటి యూనిఫాం చట్టం ఉంది, మన దేశంలోనూ సైనికుడని నమ్మించేలా వేసుకుంటే శిక్ష ఉంది. మిలిటరీ కోటు తొడుక్కుని తుపాకీ సంచితో బస్సెక్కడం లాంటి తెలివితక్కువ పనులు అసలే చెయ్యకండి. ఆ రెంటినీ నేను ఒకే రోజు ఇల్లు దాటించను.

పోయిన వారం స్టాండర్డ్ మళ్లీ ఉమ్మడం మొదలెట్టింది. కొత్త తోలు వాషర్ ఇప్పుడు వంటింటి కిటికీలో ఓ స్టీలు గిన్నెలో నానుతోంది. మూత మీద ‘నూనె, తాలింపుకి కాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. పోయినసారి రాయలేదు.